పీత కష్టాలు

"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అని మనవాళ్ళ సామెత. సీత కష్టాలు చెప్పడానికి వాల్మీకి మొదలు మా వీధి హరిదాసు దాకా ఎందరో వున్నారు. పీత కష్టాలు చెప్పినవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు. అంచేత ఆ పనేదో నేనే చేద్దామని కూర్చున్నాను. శాకాహారులు పేజీ తిప్పెయ్యనక్కర్లేదు. యిందులో వంట కంటె వ్యవహారమే యెక్కువ.

మాది కాకినాడ. ఆదివారంనాడు పీతల పులుసు మా యింట్లో తాతగారి నాటి ఆనవాయితీ. తాతగారికి జలుబు చేస్తే మందు కూడా అదే. సంచి పుచ్చుకుని బజారుకి వెళ్ళడం నా వంతు. నాకు చాలాకాలంగా ఒక అనుమానం వుండేది. బుట్టలో వున్న మండపీతల్లో ఒకదానికి డెక్క వుండదు. ఒకటి వేలితో నొక్కితే డిప్ప అట్టముక్కలా వంగుతుంది. యింకొకటి పిడికెడు. నిండు డెక్కలతో, రాయిలాంటి డిప్పతో వున్న పీత ఒక్కటీ కనబడదు. మా నాన్నగారు చెప్పే చెయ్యెడు చెయ్యెడు పీతలు ఏమైనట్టు?

ఆ మాటే పీతలమ్మే మామ్మని అడిగాను.

"పెద్దయ్యి ఇమానం ఎక్కేత్తాయండి బాబూ. ఎక్కలేనియ్యి మీకు, మాకూను" అంది.

హాస్యానికంది కాబోలు అనుకున్నాను. తరవాత విచారిస్తే అక్షరాలా నిజమని తేలింది.

సముద్రంలో పట్టే పీతలు వేరు, యీ మండపీతలు వేరు. సముద్రపు పీత వల్లోంచి తీసిన కాసేపటికే ప్రాణం వదుల్తుంది. ఐసులో పెట్టి అమ్ముకోవలసిందే. మండపీత అలా కాదు. యేరు సముద్రంలో కలిసేచోట, మడ అడవుల బురదలో కాపరం. పాటు వచ్చి నీరు తీసినా, మొప్పల్లో తడి నిలుపుకుని బతకడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. డెక్కలు కట్టేసి, తడిగోనె కప్పి చల్లటి చోట వుంచితే రోజుల తరబడి బతుకుతుంది. దాని ప్రాణానికి తెచ్చింది యీ విద్యే. బతికివున్న పీతకి విదేశాల్లో వున్న ధర చచ్చిన పీతకి లేదు. చెన్నపట్నం తీసుకుపోయి విమానమెక్కిస్తే మర్నాటికి సింగపూర్‌లో దిగుతుంది. హాంకాంగ్, మలేషియా, చైనాలకు కూడా వెడుతుంది.

సింగపూర్‌లో 1956 ప్రాంతాల ఒక యిల్లాలు తోపుడుబండి మీద టొమాటో, మిరపకాయల పులుసులో పీతలు వండి అమ్మడం మొదలుపెట్టింది. చెర్ యామ్ టియాన్ అని ఆవిడ పేరు. మొగుడు ఉడకబెట్టిన పీతలు తిని తిని మొహం మొత్తి కొత్తగా ఏదైనా చెయ్యమన్నాడట. ఆ చిల్లీ క్రాబ్ యివాళ ఆ దేశానికి పెసరట్టంత ప్రతిష్ఠ. అయితే అక్కడ మంచి మండపీత అంటే 'శ్రీలంక పీత' అని పేరు. గోదావరి పీత అని ఎవరూ అనరు. పేరు లేకుండా బతకడం మన పీతకి అలవాటే. ఆ సంగతి ముందు చెబుతాను.

మొన్న మాఘమాసంలో, తాళ్ళరేవు దాటి యానాం వెళ్ళే దారిలో, కోరంగి అవతల ఒక పాయ వొడ్డుకి వెళ్ళాను. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒక తుఫాను, 1839లో ఒక తుఫాను దాన్ని మింగేశాయి. యిప్పుడక్కడ మడ అడవి వుంది. 1978 నుంచి అభయారణ్యం. చెక్కవంతెన మీద నడుస్తూ పిల్లలకి చెట్లు చూపించుకోవచ్చు. నేను వెళ్ళింది అటు కాదు, ఆ హద్దుకి బయట, పీతల వాళ్ళు దోనెలు కట్టుకునే చోటికి.

నన్ను తీసుకువెళ్ళిన ముసలాయనకి డెబ్భై యేళ్ళు దాటి వుంటాయి. మనవడు తెడ్డు వేస్తున్నాడు. పాటు మొదలైంది. నీరు లాగుతున్నకొద్దీ రెండువైపులా బురద నల్లగా పైకి తేలుతోంది. మడచెట్ల వూపిరివేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చాయి. నేనొక కొమ్మ పట్టుకోబోతే తాత గట్టిగా కసిరాడు.

"అది తిల్ల చెట్టు బాబూ! పాలు కంట్లో పడితే సూపు పోద్ది."

మిగతా దారంతా నేను చేతులు వొళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఈ పీతని పట్టడానికి రెండు దారులు. ఇనపచక్రానికి వల అల్లి, మధ్య కోడిపేగులో, పాముచేప ముక్కో ఎర కట్టి పాయలో దింపుతారు. తాడు చివర బెండు తేలుతూ వుంటుంది. పోటు మీద మేతకి తిరిగే పీత వచ్చి ఎర పట్టుకుంటుంది. పట్టు వదలడం దానికి చాతకాదు. మెల్లిగా పైకి లాగితే ఎరతో పాటు వచ్చేస్తుంది. రెండో దారి పాటులో. బురదలో కన్నం వెతికి, వంపు తిప్పిన ఇనపకడ్డీ లోపలికి దూర్చి, పీతని తట్టి, అది కడ్డీ పట్టుకున్నాక బయటికి లాగడం. కృష్ణా డెల్టా వైపు యానాదులు కొందరు వట్టి చేత్తోనే పడతారు. ఆ చెయ్యి కన్నంలో భుజం దాకా పోతుంది. లోపల వున్న డెక్క వేలిని నలిపెయ్యగలదు. పాము వుండదన్న హామీ కూడా ఎవరూ యివ్వరు.

తాత దోనె దిగితే మోకాలి దాకా కూరుకుపోయాడు. ఒక్కో అడుగూ బురద చప్పరించుకుంటూ వదులుతోంది. ఆరు కన్నాల్లో కడ్డీ పెడితే నాలుగు ఖాళీ. అయిదోదాంట్లోంచి ఒక పీత వచ్చింది. ముదురు రంగు డిప్ప, యెర్రగా కాల్చినట్టున్న డెక్కలు. కాలితో అదిమిపట్టి, రెండు డెక్కలూ ముడిచి, తాడుతో నాలుగు చుట్లు చుట్టేసరికి అరనిమిషం పట్టలేదు. నేను జోడు లేసు కట్టుకోవడానికి అంతకంటె యెక్కువసేపు పడుతుంది.

"ఇది ఎర్రడెక్కది. కన్నం వదల్దు. వల్లో పడేది పచ్చడెక్కది. అది తిరుగుబోతు. పెద్దగా పెరుగుద్ది. రెండూ ఒకటి కావు బాబూ" అన్నాడు.

యీ ముక్క పుస్తకాలకెక్కడానికి ఎంత తంటా పడవలసి వచ్చిందో చూడండి. మండపీతల వంశానికి 'సిల్లా' అని శాస్త్రనామం. గ్రీకు పురాణాల్లో ఓడ మీద నావికుల్ని ఎత్తుకుపోయే ఆరుతలల రాక్షసి పేరు అది. 1833లో డి హాన్ అనే ఆయన పెట్టాడు. ఆ వంశంలో ఎన్ని జాతులో ఎవరికీ సరిగ్గా తెలియక, ఎక్కడి పీతనైనా 'సిల్లా సెర్రేటా' అని రాసిపారేశారు. 1980ల్లో పులికాట్ సరస్సు పీతల్ని పరీక్షించినవారు రెండు జాతులున్నాయని తేల్చారు, సంతోషమే. కాని చిన్నదాన్ని సెర్రేటా అన్నారు, పెద్దదానికి తరంగంబాడి పేరు మీద ట్రాంక్విబారికా అన్నారు. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు కూర్చుని వంశవృక్షం అంతా తిరగరాసి, నాలుగు జాతులని లెక్క తేల్చారు. ఆ లెక్కని బట్టి, తరవాత జన్యుపరీక్షల్ని బట్టి, మన పచ్చడెక్క పెద్దదే అసలు సెర్రేటా. యెర్రడెక్క చిన్నదాని పేరు 'ఒలివేసియా'. ఆ పేరు హెర్బ్‌స్ట్ 1796లోనే పెట్టి వున్నాడు. రెండు వందల యేళ్ళు అది ఇంకొకరి పేరు మోసిందన్నమాట. విచిత్రమేమిటంటే, ఆ 1998 వ్యాసం అచ్చయిన పత్రిక కూడా సింగపూర్‌దే. పీతా అక్కడికే పోవాలి, దాని పేరూ అక్కడే తేలాలి!

గుర్తు పట్టడం కష్టం కాదు. డెక్కకి మణికట్టులాంటి కీలు వుంటుంది. దాని బయటివైపు పెద్దజాతికి రెండు వాడి ముళ్ళు వుంటాయి. చిన్నజాతికి ముల్లు వుండదు, వున్నా ఒకటి మొద్దుబారి వుంటుంది. పెద్దజాతి కాళ్ళన్నిటి మీదా వలకన్నుల్లాంటి మచ్చలు. యీసారి బజారుకి వెళ్ళినప్పుడు మీరే చూడవచ్చు.

ఏ పేరైతేనేం, పులుసులో ఒకటే కదా అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. తరవాతి కన్నంలోంచి నా అరచెయ్యంత యెర్రడెక్క పీత వచ్చింది. పక్కనే, అంతకుముందు వల్లో పడ్డ పచ్చడెక్కది దానికంటె పెద్దది వుంది.

"పాపం పిల్లది, దీన్ని వదిలెయ్యరాదూ తాతా?" అన్నాను.

తాత మనవడి వంక చూసి నవ్వాడు. చిన్నదాన్ని వెల్లకిలా తిప్పాడు. పొట్ట మీద మడత విశాలంగా, గుండ్రంగా, నల్లగా, అంచుకి నూగుతో వుంది.

"ఇది పిల్ల కాదు బాబూ, తల్లి. యింక పెరగదు." పచ్చదాన్ని తిప్పాడు. దాని మడత తెల్లగా, సన్నగా, త్రికోణంలా వుంది. "పిల్ల యిది. యింకా ఈడేరలేదు."

నేను మాట్లాడలేదు. పీతల్లో మగదానికి పొట్టమడత సన్నగా కోణంగా వుంటుందనీ, ఆడదానికి వెడల్పనీ, పెద్దమనిషి కాని ఆడదానికి మధ్యరకంగా వుంటుందనీ చదివే వచ్చాను. చదివింది బురదలో పనికిరాలేదు. యెంత వుంటే వదలాలి అన్న కొలబద్ద ఒక్కటే పెడితే, ఆ కొలబద్ద ఒక జాతిలో తల్లిని పిల్ల అంటుంది, రెండోజాతిలో పిల్లని తల్లి అంటుంది. పేరు తేలకపోతే కొలత తేలదు. తాతకి రెండూ తెలుసు. కాని తెలిసినందుకు ఆయనకి ఎవరూ కానీ యివ్వరు.

పీత పెరగడం మనలా దినదిన ప్రవర్ధమానం కాదు. డిప్ప సాగదు గనక, పాత డిప్ప విడిచి బయటికి వచ్చి, వొళ్ళంతా నీళ్ళు పీల్చి వుబ్బి, ఆ వుబ్బు మీద కొత్త డిప్ప గట్టిపడాలి. పెద్దదయ్యేలోగా పది పన్నెండుసార్లకి పైనే యీ పురిటి అవస్థ. ఆ మెత్తటి రోజుల్లో ఎవరైనా తినెయ్యవచ్చు. సొంత అన్నదమ్ములు కూడా ఆలోచించరు. ఆడపీతకి పెళ్ళి కూడా డిప్ప విడిచిన ఘడియలోనే. అంతకుముందే మగపీత దాన్ని రోజుల తరబడి తన కింద పొదువుకుని కాపలా కాస్తుంది. యీ ఒక్క విషయంలో మగపీత మనలో చాలామందికి నయం. తరవాత ఆడది పాయ విడిచి, మొగ దాటి, సముద్రంలోకి పోయి గుడ్లు పెట్టి పొట్ట కింద మోస్తుంది. లక్షల లెక్క. పెద్దజాతిలో ఇరవై లక్షలు దాటడం కూడా వుంది. పిల్లలు ఆరు రూపాలు మారి, బతికిబట్టగట్టినవి మళ్ళీ మడ అడవి చేరతాయి. అంటే పాయలో పట్టుబడ్డ ప్రతి తల్లీ సముద్రానికి బయలుదేరవలసిన ప్రయాణీకురాలే. దాన్ని విమానం ఎక్కిస్తున్నాం.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌వాళ్ళు యీ విషయంలో ఖండితంగా వున్నారు. ఆడపీతని పట్టితే వదిలెయ్యాలి. మగదైనా పదిహేను సెంటీమీటర్ల వెడల్పు లేకపోతే వదిలెయ్యాలి. ఆ మాట తాతతో అన్నాను.

"ఒదిలినోళ్ళకి ఆ పూట కూడెవరు పెడతారో కనుక్కున్నారా?" అన్నాడు. కనుక్కోలేదు.

పన్నెండు గంటలకి గట్టు చేరాం. పాయ వొడ్డునే తాటాకుల పాక, త్రాసు, ప్లాస్టిక్ ట్రేలు. కొనేవాడు నిక్కరు వేసుకున్న కుర్రాడు, చెవి దగ్గర సెల్‌ఫోను. ధర చెన్నపట్నం నుంచి ఫోనులో వస్తుంది. ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో వాడికీ తెలియదు. ఒక్కొక్క పీతనీ తీసి, అడుగున వేలితో నొక్కి, చేత్తో తూకం చూస్తాడు. గట్టిగా నిండుగా వుంటే మొదటి ట్రే. రెండు డెక్కలూ వుండాలి. ఒకటి విరిగిందా, బరువు యెంత వున్నా కిందిమెట్టే. యిటీవలే డిప్ప విడిచి లోపల కండ పట్టనిదానికి 'వాటర్' అని పేరు. నీళ్ళపీత అన్నమాట. దాని ధర సగానికి సగం తక్కువ. అవి నాగాయలంక ప్రాంతాల చెరువులకి పోతాయి. అక్కడ మూడు నాలుగు వారాలు చేపముక్కలు మేపితే కండ పట్టి మొదటి రకం అయిపోతుంది. ఆ తేడా సొమ్ము చెరువుగలవాడిది. తాత ఆ నీళ్ళపీతనే మూడు వారాలు దాచుకోగలిగితే ఆయనదే. కాని దోనెకీ వలకీ కొనేవాడి దగ్గర తీసుకున్న అడ్వాన్సు వుంది. పీతని దాచుకున్నట్టే అప్పుని దాచుకోవడం కుదరదు.

అమావాస్యకి పీత నిండుగా వుంటుందనీ, పున్నమికి డొల్ల అనీ మన వైపు నమ్మకం. మా ఆవిడ పంచాంగం చూసి గాని పీతలు తెమ్మనదు. అది నిజమో కాదో గాని, తాత బతుక్కి ఆ లెక్క పనిచెయ్యదు. ఆయన చంద్రుడు చైనాలో వున్నాడు. 2020 జనవరి ఆఖరున అక్కడి కొత్త సంవత్సరం పండక్కి సిద్ధం చేసిన సరుకు అంతా, కరోనా భయంతో కొనుగోళ్ళు ఆగిపోయి, యిక్కడ ట్రేల్లోనే వుండిపోయింది. బతికిన పీతే ధర గనక, ఆగిన ప్రతి రోజూ నష్టమే. ఆ వారం కాకినాడ బజారులో మొదటిసారి రెండు డెక్కల పీతలు కనబడ్డాయి. మేం సంబరంగా కొనుక్కుని తిన్నాం. ఎందుకు దొరికాయని నేను అడగలేదు.

పిల్లల్ని పొదిగించి చెరువులకి యివ్వడానికి ప్రయత్నాలు లేకపోలేదు. తమిళనాడులో తొడువాయి దగ్గర రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రంవారు 2013లో మండపీతలకి పొదుగుశాల పెట్టారు. పిల్లలు పుట్టిన దగ్గరనుంచి ఒకదాన్నొకటి తినేస్తాయి గనక దక్కేవి కొద్దే అయినా, ఆ పని సాగుతోంది. అక్కడ పొదిగేది పచ్చడెక్క పెద్దజాతిని. యెర్రడెక్కదాని జోలికి పోవడానికి ఎవరికీ తొందర లేదు. చిన్నది, కన్నంలో దాక్కునేది, పెద్ద ధర పలకనిది. దానికి దిక్కు మడ అడవి ఒక్కటే. రొయ్యల చెరువులకని 1990ల్లో యీ డెల్టాలో మడ కొట్టినచోట దాని కన్నాలు కూడా పోయాయి.

తాత ఆనాటి పంట పదకొండు పీతలు. మొదటి ట్రేలో పడ్డవి రెండు. యెర్రడెక్క తల్లీ, పచ్చడెక్క పిల్లా ఒకే ట్రేలో, ఒకే ధర మీద, పక్కపక్కన పడ్డాయి. కుర్రాడు తిప్పి చూడనేలేదు. తూకం వాడికి చాలు.

నాకేదో బుద్ధి పుట్టింది. ఆ రెంటినీ నాకిమ్మన్నాను. విమాన ప్రయాణానికి పనికిరానివి గనక కుర్రాడు బేరం లేకుండా యిచ్చేశాడు. గట్టు దిగి, తాత చేత తాళ్ళు విప్పించి, రెంటినీ నీళ్ళ అంచున వదిలిపెట్టాను. యెర్రడెక్కది రెండడుగులు పక్కకి నడిచి బురదలో ముణిగింది. పచ్చది మాత్రం నా జోడు వైపు డెక్కలెత్తి కాసేపు నిలబడి, మనసు మార్చుకుని నీళ్ళలోకి జారింది. నాకు చాలా తృప్తిగా వుంది. ఆ మాటకొస్తే, అప్పుడే యీ వ్యాసం ముగింపు కూడా మనసులో రాసుకున్నాను.

తాత తాళ్ళు చుట్ట చుట్టి మొలలో దోపుకున్నాడు. అవి రేపటికి పనికొస్తాయి.

"మరి వాటి మీద మీ పేరు రాశారా బాబూ?" అన్నాడు.

"ఎందుకూ?"

"పచ్చది ఎవడి వల్లో పడినా మీదని తెలియాలిగా. ఎర్రదంటారా, దాని కన్నం నాకు తెల్సు. రేపు తెచ్చి మీకే అమ్ముతాను."

మనవడు తెడ్డు మీద వాలి నవ్వడం మొదలుపెట్టాడు. పోటు తిరిగింది. మేం నిలబడ్డ చోటు అప్పుడే తడుస్తోంది.